రెండు వేళ్ల దయ

అన్‌డూ తల్లీ, నీ అంత దయగలది ఇంకెవరూ లేరు. ట్యాబ్ మీద రెండు వేళ్లు అలా తాకిస్తే చాలు, చేసిన తప్పు చేయనట్టే. ఎందుకు చేశావని అడగవు. నేను గీసే యాప్‌లో 250 అడుగుల దాకా చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపిస్తావు. కన్నతల్లి కూడా అన్ని తప్పులు కాయదు. 1990లో ఫోటోషాప్ మొదటిసారి వచ్చినప్పుడు నీ చేతనయ్యేది ఒక్క అడుగే. 1998లో ఐదో వెర్షన్‌లో హిస్టరీ ప్యాలెట్ తోడయ్యాక ఇక నీ కరుణకి అడ్డేముంది!

నాన్న పోయిన నెలకి, నాలో ఏముందో గీద్దామని కూర్చున్నాను. ఆకారాలేం లేవు, ఉత్త రంగూ గీతా. బొగ్గు బ్రష్షుతో నల్లటి చుట్ట ఒకటి మొదలుపెట్టాను. పైకి తిరిగే చోట చెయ్యి వణికింది. గీత పక్కకి ఈడ్చుకుపోయి, కొస చీలి, కుట్టు ఊడిన అంచులా వేలాడింది. నేను సరిగ్గా చూసేలోపే నా వేళ్లు నిన్ను పిలిచాయి. మాయం చేశావు. మళ్లీ గీశాను, మళ్లీ వణికింది, మళ్లీ మాయం చేశావు. విసుగన్నదే లేదు నీకు. పదకొండోసారికి చుట్ట గుండ్రంగా, నున్నగా కుదిరింది. గీత వణుకు సరిదిద్దే స్టెబిలైజర్ కూడా ఓ చెయ్యి వేసింది. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు చూసినవాళ్లు. ఆ రాత్రి నేనెలా ఉన్నానో నీకొక్కదానికే తెలుసు. గుట్టు కాపాడావు. ఫైలు మూయగానే ఆ పది గీతలూ నీ దగ్గర కూడా లేకుండా పోయాయి.

చిత్రకారిణి వేరా మోల్నార్‌కి నీ అండ దొరకలేదు. బొమ్మలు గీయడానికి 1968లోనే కంప్యూటర్ పట్టిన మనిషి ఆవిడ. గీతలు ప్లాటర్ పెన్నుతో కాగితం మీద పడేవి. సిరా పడితే పడ్డట్టే. బుడాపెస్ట్ నుంచి వాళ్లమ్మ వారం వారం ఉత్తరం రాసేది. వరస ఎడమవైపు కుదురుగా మొదలై, కుడివైపుకి వచ్చేసరికి గాభరా పడిపోయే దస్తూరీ. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా చెదిరింది. ఆ చెదరడాన్నే ప్రోగ్రాంగా రాసి, పేజీల కొద్దీ గీయించింది కూతురు. చదవడానికి ఒక్క అక్షరం లేదు, అమ్మ చెయ్యి మాత్రం ఉంది. నువ్వు పక్కనుంటే ఆ వరసలన్నీ చక్కగా, తిన్నగా ఉండేవి.

నిన్న మా అమ్మ నా చుట్ట చూసింది. చాలాసేపే చూసింది.

“బావుందే. ఎవరు గీశారు?” అంది.