‘తుప్పు లేదు’ అను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

“1972 డాట్సన్ 240జడ్. నంబర్లన్నీ సరిపోలినవి. తుప్పు లేదు. నేను దీనికి యజమానిని కాను, సంరక్షకుణ్ణి మాత్రమే. కాస్త పని మిగిలి ఉంది. నా దగ్గరున్నదేమిటో నాకు తెలుసు. బేరగాళ్లు రావద్దు.”

అవతారిక

పై గ్రంథకర్త నిక్షేపంగా జీవించి ఉన్నాడు గనుక పేరు చెప్పను. ఆయన ఇంగ్లీషున రచించి అమ్మకపు ప్రకటనగా వెలయించిన కావ్యమిది. తెనుగు సేత నాది. ఏడే వాక్యాలు. పాత జపాను కార్లు అమ్ముకునే అమెరికా పెద్దమనుషులలో ఈ ఫక్కీ ఒక సంప్రదాయమై స్థిరపడింది. బండి మారుతుంది, ఊరు మారుతుంది, వాక్యాలు మాత్రం ఇవే, పెళ్లి శుభలేఖలో లాగా. వీటిని చదివి, నమ్మి, ఒహాయో నుంచి రెండు రోజులు ట్రక్కు తోలుకుంటూ వెళ్లి బండిని ఎక్కించుకొచ్చినవాణ్ణి కాబట్టి వ్యాఖ్యానాధికారము నాకు సిద్ధించినది.

మెదకు సీమవాడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టాడు. అందులో మొదటి సగానికి నేను కట్టుబడి ఉంటాను.

మరొక మర్యాద కూడా ముందే విన్నవిస్తాను. చెప్పడం తనకు ఇష్టం లేనిచోట వ్యాఖ్యాత ‘స్పష్టము’ అని రాసి దాటిపోవచ్చు. పెద్దలందరూ చేసిన పనే.

1972 — స్పష్టము.

డాట్సన్ — ఈ పదానికి వ్యుత్పత్తి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1914లో టోక్యోలో ఒక చిన్న కంపెనీ కారు తయారుచేసింది. అండగా నిలిచిన ముగ్గురు డెన్, అవొయామా, తకెయుచి. వాళ్ల పేర్ల ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపితే ‘డాట్’. జపాను భాషలో ‘దత్తో’ అంటే పరుగు లంకించుకున్న కుందేలు గనుక శ్లేష కూడా కలిసొచ్చింది. 1930ల మొదట్లో అంతకంటే చిన్న కారు చేసినప్పుడు, ఇది డాట్‌కు కొడుకు వరస కాబట్టి, ఇంగ్లీషులో కొడుకు అనే మాట తగిలించి ‘డాట్‌సన్’ అన్నారు. అపత్యార్థంలో తద్ధితం, దశరథుడి కొడుకు దాశరథి అయినట్టు. తీరా చూస్తే జపాను భాషలో ‘సొన్’ అంటే నష్టం. గతుక్కుమన్నారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అచ్చు మార్చి, కొడుకును సూర్యుణ్ణి చేశారు. గండం గడిచింది. అయితే తెలుగులో కొడుకైనా సూర్యుడైనా ‘సన్’ అనే రాస్తాం కదా. ఆ దిద్దుబాటు మన లిపిలో కనపడదు. అందుచేత తెలుగు పాఠంలో నష్టం నష్టంగానే మిగిలిపోయింది. నా బ్యాంకు ఖాతా తెలుగు పాఠాన్నే అనుసరిస్తున్నది.

240జడ్ — 2.4 లీటర్ల ఇంజిను గలది. ‘జీ’ అని అమెరికా పాఠం; ‘జడ్’ అని శిష్ట పాఠం; ‘ఇజడ్’ అని మా బడి పాఠం. మూడూ గ్రాహ్యములే. జపానులో దీని పేరు ఫెయిర్‌లేడీ జడ్. ఆ పేరుతో అమెరికాలో మగవాళ్లు కొనరని డాట్సన్‌లు చేసిన నిస్సాన్ కంపెనీకి అక్కడి పెద్ద యుటాకా కతయామా పట్టుబట్టి, ఆ బిళ్లలు పీకించి 240జడ్ బిళ్లలు పెట్టించాడు. నామకరణం రోజున బాలసారె పేరు మార్చిన మేనమామ ఆయన. 105 ఏళ్లు బతికి 2015లో పోయాడు. బండి 1969లో బయటికొచ్చింది. అమెరికాలో ధర 3,500 డాలర్ల చిల్లర. జాగ్వార్, పోర్షా కొనలేనివాడికి ఆ సరదా తీర్చడమే దాని అవతార ప్రయోజనం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనిపడుతుంది.

నంబర్లన్నీ సరిపోలినవి — బండి ఒంటి మీద కొట్టిన అంకె, ఇంజిను దిమ్మ మీది అంకె, బానెట్ కింది రేకుబిళ్ల మీది అంకె ఒకదానితో ఒకటి ఏకవాక్యత కలిగి ఉన్నవని భావం. ‘హెచ్‌ఎల్‌ఎస్30’ అని ఒంటి మీది అంకె మొదలవుతుంది. ఎస్30 ప్రకృతి. ఎల్ అనేది ఎడమ చేతి స్టీరింగును తెలిపే ఆగమం. హెచ్ అనేది 2.4 లీటర్ల ఇంజినును బోధించే ఉపసర్గ. ఉపసర్గ వల్ల ధాత్వర్థం బలాత్కారంగా మారుతుందంటారు. ఇక్కడ ధర మారుతుంది. మూడు అంకెలూ నిజంగానే సరిపోలాయి. అంకెలు తుప్పు పట్టవు.

తుప్పు లేదు — ఇది గ్రంథానికి గుండెకాయ. తొందరపడకండి.

తుప్పు: దేశ్యము. పూర్వరూపము ‘త్రుప్పు’. అందులోని రేఫను కాలక్రమేణ తుప్పే తినేసిందని నా అభిప్రాయం.

లేదు: దీనితోనే వచ్చింది చిక్కు. ‘లేదు’ అన్నంత మాత్రాన ఏమీ తేలదు. తర్కసంగ్రహకారుడు అన్నంభట్టు, మన తెలుగువాడే, లేకపోవడం నాలుగు విధాలని బాలురకు బోధించాడు. అమ్మినాయన బాలుడు కాడు గనుక చదివి ఉండడు. కొన్న నేను చదివాను, ఐనా ఇలా అయ్యాను.

మొదటిది ప్రాగభావం. కుండ పుట్టకముందు కుండ లేకపోవడం. దీనికి మొదలు లేదు, చివర ఉంది. నేను ఫోన్ చేసి నిలదీసినప్పుడు ఆయన ఆశ్రయించింది దీన్నే. “నా దగ్గరున్నప్పుడు లేదే! మీ ఒహాయోలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా” అన్నాడు. చల్లుతారు, జనవరిలో. నేను బండి తెచ్చింది జూన్‌లో. మూడు వారాల్లో, షెడ్డులో, ఎండాకాలంలో, ఇరవయ్యేళ్ల తుప్పు పుట్టడానికి అది లోహమా, పురాణమా?

రెండోది అన్యోన్యాభావం. కుండ గుడ్డ కాదు, గుడ్డ కుండ కాదు. అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి, వెనక చక్రం ముందున్న వంపు మీద పెట్టాను. జారి కింద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. అక్కడున్నది ఇనుము కాదు. ఇనుము కాదు గనుక తుప్పూ కాదు. చిటికెన వేలంత మందాన పుట్టీ. తర్కరీత్యా ఆయన చెప్పింది పరమసత్యం.

మూడోది అత్యంతాభావం, మూడు కాలాల్లోనూ లేకపోవడం. గాలికి రంగు లేనట్టు. ఈ బండిలో అటువంటి చోటు ఒక్కటే, డ్యాష్‌బోర్డు. దానికి తుప్పు రాదు, అందుకని పగులుతుంది.

నాలుగోది ప్రధ్వంసాభావం. కుండ పగిలాక కుండ లేకపోవడం. దీనికి మొదలుంది, చివర లేదు. నా కథ ఇది. డ్రైవరు పక్క సీటు విప్పి, తివాచీ లేపి, దాని కింద కరుచుకుని అంటుకున్న తారు పొరను ఉలితో పెళ్లగించాను. రేకు ఉండవలసిన చోట బూడిదరంగుగా ఏదో చదునుగా కనిపించింది. ప్రైమర్ కాబోలు అనుకుని వేలు పెడితే చల్లగా తగిలింది. అది నా షెడ్డు సిమెంటు. తుప్పు తినవలసినంతా తిని, తినడానికి ఇంకేమీ మిగలక, తానూ రాలిపోయింది. చిల్లులో తుప్పు ఎలా ఉంటుంది? లేదు.

ఇక్కడ నైయాయికులకే ఒక చిక్కు తెచ్చిపెడుతున్నాను. అభావానికి వాళ్లిచ్చే ఉదాహరణ ఎప్పుడూ ఒకటే, ‘భూతలమున ఘటము లేదు’. కుండ ఉన్నా లేకపోయినా నేల అనేది ఒకటుంటుందని వాళ్ల ధీమా. ఏ వస్తువు లేకపోయినా ఆ లేమికి ఒక ఆధారం కావాలి కదా. ఈ బండిలో భూతలమే లేదు. ఆధారం లేని అభావాన్ని ఎక్కడ నిలబెట్టాలి? అన్నంభట్టు ఎన్నడూ కారు కింద పడుకోలేదు. నేను పడుకున్నాను. స్క్రూడ్రైవర్ మొనతో, నేలకు అడుగున పొడుగునా అతికిన పట్టీని ఊరికే తట్టాను. మొన కసుక్కున దిగి పిడి దగ్గర ఆగింది. కళ్లలో ఎర్రటి పొడి పడింది. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. ఆ పలచటి నేల, ఆ పట్టీలు, గుమ్మాల కింది పెట్టెలు కలిసే బండి బరువు మోయాలి. అంటే నేను చూసింది చిల్లి కాదు, వెన్నెముక.

కారణ విచారం: అద్దం ముందున్న జల్లెడలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. దిగినది పోయే దారికి ఆకులు అడ్డంపడతాయి. మురిగిన నీరు రెక్కల్లోకి, గుమ్మాల్లోకి. కుడి పక్కన బ్యాటరీ ఉంటుంది. దాని ఆసిడ్ కారి కింది తట్టను తిని, తట్ట కింది పట్టీని తింటుంది. చక్రం చిమ్మిన మట్టి రెక్క అడుగున చేరి తడిసిన గోనెలా ఏళ్ల తరబడి ఉంటుంది. ఇదంతా 240జడ్ కొనేవాడికి ఓనమాలు. అమ్మేవాడికీ ఓనమాలే, అందుకే పుట్టీ సరిగ్గా ఆ చోట్లలోనే ఉంది. నాకు కోపం తుప్పు మీద కాదండీ. ఇనుము ధర్మం ఇనుముది. ఆ పుట్టీని అంత నున్నగా గరుకు కాగితంతో రుద్దిన చేతి మీద.

నేను దీనికి యజమానిని కాను — ఆహా! యజ ధాతువు. యజ్ఞఫలం తనకే చెందేలా చేసేవాడు యజమానుడు; వాడికి ఆత్మనేపదం. దక్షిణ పుచ్చుకుని ఇంకొకరి కోసం చేయించేవాడు యాజకుడు, వాడికి పరస్మైపదం. పాణిని ఇంత స్పష్టంగా విడదీశాడు. డబ్బిచ్చినవాడు యజమాని, పుచ్చుకున్నవాడు కాడు. అమ్మినాయన సంస్కృతం తెలియకుండానే శుద్ధ వ్యాకరణం మాట్లాడాడు. ఇది మాత్రం మెచ్చుకోక తప్పదు.

సంరక్షకుణ్ణి మాత్రమే — ఈ మాట ఈయనొక్కడిదే ఐతే ఊరుకుందును. కార్ల మేళాకి వెళ్తే ప్రతి గొడుగు కిందా ఒక సంరక్షకుడు మడతకుర్చీలో కూర్చుని ఉంటాడు. రాబోయే తరాల కోసం కాపాడుతున్నానంటాడు. రాబోయే తరం, అంటే ఆయన కొడుకు, ఆ పక్కనే ఫోన్ చూసుకుంటూ ఆవులిస్తుంటాడు. నా బండి బానెట్ ఎత్తితే ఒక సంరక్షకుడు టార్చితో లోపలికి వంగి, ఒక బోల్టు తల మీది అంకె సరైనది కాదని తల అడ్డంగా ఊపాడు. పసుపు జింకు పూత ఉండాల్సిన చోట తెల్ల పూత ఉందన్నాడు. బండి ఎలా నడుస్తుందని అడగలేదు. తన బండి ఎన్ని మైళ్లు తిరిగిందని నేనడిగితే, దాన్ని ట్రెయిలర్ మీద తెచ్చానని గర్వంగా చెప్పాడు.

ఇదే రకం బండి 1971లో, మళ్లీ 1973లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచింది. 73లో తోలినవాడు ఉగాండాలో పుట్టిన మన సంతతివాడు శేఖర్ మెహతా. మోకాలి లోతు బురదలో, గుంటల్లో, దుమ్ములో. ఆ బండి తోబుట్టువుని దుప్పటి కప్పి పడుకోబెట్టి, వాన సూచన వస్తే ఊరేగింపు మానుకుంటున్నారు. చిన్న సంపాదనపరుడి సరదా కోసం పుట్టిన బండి ఇది, గుర్తుంచుకోమన్నాను కదా. 1990ల చివర్లో నిస్సాన్ కంపెనీయే పాత 240జడ్‌లను కొని, బాగుచేయించి, డీలర్ల చేత అమ్మించింది. కొద్ది పదుల బళ్లతో ఆ పథకం ఆగిపోయింది. కన్నతల్లే మోయలేని భారాన్ని సంరక్షకులు మోస్తున్నారట.

కాస్త పని మిగిలి ఉంది — ‘కాస్త’ అవ్యయం. దీనికి పరిమాణం కోశాల్లో దొరకదు.

అయినా పనిలోని సుఖం కూడా చెప్పాలి, లేకపోతే కళ్లు పోతాయి. ఆరు సిలిండర్లు పేలే వరస 1-5-3-6-2-4. చూడగానే ఇది పద్యమని తెలుస్తుంది. గద్యమైతే 1, 2, 3 అని నడిచేది. బడిపంతులు బుద్ధితో దీనికి దండాన్వయం చేసి తీగలు వరసగా తగిలించామా, ఇంజిను తుమ్మి ఊరుకుంటుంది. అన్వయించకూడని పద్యాలు కూడా ఉంటాయని నాకు ఆ రోజు తెలిసింది.

కార్బరేటర్లు రెండు, ఎస్‌యూ పద్ధతివి, హిటాచీ వాళ్లు చేసినవి. మన పాత అంబాసిడర్‌కు ఇదే జాతిది ఒకటుండేది. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న కారుకు ఒక ముసలి మేస్త్రీ దాన్ని సరిచేస్తుంటే చూశాను. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బరేటర్ నోట్లో. నేను వాగుతుంటే, “మాట్లాడమాక బాబూ, అది చెబుతోంది” అన్నాడు. నలభయ్యేళ్ల తరవాత ఒహాయోలో నేనూ అలాగే వంగాను. ముందుదాంట్లో గాలి ‘హిస్స్’ అని గట్టిగా, వెనకదాంట్లో సన్నగా. స్క్రూ పావు చుట్టు తిప్పడం, వినడం. ఇంకో పావు వెనక్కి, వినడం. పైన గుమ్మటంలో నూనె తగ్గిందని నల్ల మూత విప్పి నాలుగు చుక్కలు పోశాను. చీకటి పడేవేళకు రెండు గొంతులూ ఒకే శ్రుతిలో కలిశాయి. ఆ ఒక్క నిమిషం అమ్మినాయన్ని కూడా క్షమించాను. తరవాత కింద చూసుకుంటే, రెండు కాళ్ల మధ్య, చిల్లు పడిన రెక్క మీంచి రాలిన తుప్పు ముగ్గులా పడి ఉంది. క్షమాపణ వెనక్కి తీసుకున్నాను.

నా దగ్గరున్నదేమిటో నాకు తెలుసు — జ్ఞానవాక్యము. విజ్ఞులు దీన్ని చదివి, ‘నీ దగ్గరికి రాబోయేదేమిటో నీకు తెలియదు’ అనే వ్యంగ్యార్థాన్ని గ్రహిస్తారు. నేను వాచ్యార్థం దగ్గరే ఆగిపోయాను.

బేరగాళ్లు రావద్దు — నిషేధవాక్యము. హైదరాబాదు వెళ్లినప్పుడల్లా మోండా మార్కెట్లో రెండు కట్టల కొత్తిమీర దగ్గర పావుగంట వాదించే నేను, ఆయన చెప్పిన అంకెకు నోరెత్తకుండా చెక్కు రాసిచ్చాను. బేరమాడితే సంరక్షకుడి మనసు నొచ్చుకుంటుందేమోనని.

మొన్న మా ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి, వెల్డింగు మేస్త్రీ బిల్లు చేతిలో పట్టుకుని, “కొన్నది, బాగుచేయించింది కలిపి ఇప్పటికి మొత్తం ఎంతైందండీ?” అని అడిగింది.

స్పష్టము.