పర్మిటు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: పర్మిటు లేనివాడు మన మాటల్లో కూర్చోరాదు.

అవతారిక: ఆదోని జిన్నింగు మిల్లుల మోటార్లు చూసేవాళ్లు, ఎమ్మిగనూరు ఇళ్ల వైరింగూ బోరు మోటార్లూ చూసేవాళ్లు సాయంత్రాలు ఒకచోట చేరి పని ముచ్చట్లు చెప్పుకోవాలనుకున్నారనుకోండి. టీ రాకముందే ఈ సూత్రం పుడుతుంది. కర్త ఎవరో చెప్పలేం గానీ, జేబులో పర్మిటు ఉన్నవాడేనని ఊహించవచ్చు.

ప్రతిపదార్థము: పర్మిటు = లైసెన్సింగు బోర్డు వైర్‌మన్‌కిచ్చే అనుమతి పత్రము; లేనివాడు = ఐటీఐ గడప తొక్కక, మేనమామ వెంట టెస్టరు పట్టుకుని తిరిగి పని నేర్చినవాడు; మన = నా; మాటల్లో = మోటారెందుకు కాలెను, బిల్లెవరు ఎగ్గొట్టిరి మొదలగు శాస్త్రచర్చలయందు; కూర్చోరాదు = నిలబడి వినవచ్చునా అన్నది సందేహము. టీ తెచ్చి ఇవ్వవచ్చునని కొందరు.

తాత్పర్యము: స్పష్టము.

వ్యాఖ్య: సూత్రానికి ఆధారం లేకపోలేదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ నియమం బల్బు, ఫ్యాను, ఫ్యూజు మార్చడం లాంటివి వదిలేసి, మిగతా పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిటున్నవాడి చేతనే జరగాలంది. 2010లో కొత్త నిబంధనలొచ్చినా ఆ కట్టడి పోలేదు. అయితే అక్కడున్నదంతా పని చేయడం గురించే. వినడం గురించి ఒక్క ముక్కా లేదు. మూలంలో లేనిది రాయనన్న మల్లినాథసూరి బాటలో నేనూ దాన్ని చేర్చను.

పూర్వపక్షము: "వీళ్లను కూర్చోబెడితే మన గిరాకీ పోదా అప్పా?" అది ఎప్పుడో పోయింది. పత్తి సీజన్లో అర్ధరాత్రి మిల్లు ఆగితే షావుకారు పర్మిటడగడు, దగ్గర్లో ఎవడుంటే వాడికి ఫోను కొడతాడు. వచ్చినవాడు స్టార్టరు మూత తీయకముందే, తిరగకుండా మూలిగే మోటారు విని ఒక ఫేజు పోయిందంటాడు. అంతవరకు పండితుడే. ఎర్తింగు అడగండి. "గుంతలో ఉప్పూ బొగ్గూ వేసినాం గదన్నా" అంటాడు. ఎండలకు నల్లరేగడి నెర్రెలిచ్చి పైపు చుట్టూ మన్ను ఎడమవుతుందని, తేమ తగ్గేకొద్దీ ఎర్తు పట్టు వదులుతుందని, గుంతకు నీళ్లు పోస్తుండాలని, అది సరిగ్గా ఉందో లేదో ఎర్తు టెస్టరుతో కొలిచి చూడాలని అతనికెవరూ చెప్పలేదు. చెప్పగలవాళ్లు తలుపేసుకుని టీ తాగుతున్నారు. కిట్‌క్యాట్‌లో ఫ్యూజు తీగ బదులు లావుపాటి రాగి తీగ మెలితిప్పేదీ ఇతనే. అలా చేయొద్దన్న మాట ముందుగా వినాల్సింది ఇతను కాదా?

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు, అక్కడ ఎవరు ఏ పత్రం చూపారని కొందరు దృష్టాంతం తెస్తారు. అది పూర్తిగా అతకదు. పడుగు తప్పితే బట్ట చెడుతుంది, న్యూట్రలు తప్పితే మనిషే పోతాడు. కనుక గేటు అవసరమే. పని అప్పగించేచోట, సంతకం పెట్టేచోట వేయండి. టీ బల్ల దగ్గర వద్దు.

పాఠాంతరము: "పర్మిటు లేనివాడు" అన్నచోట "పర్మిటు అద్దెకిచ్చేవాడు" అని కొందరు చదువుతారు. అనగా పని ఎక్కడ జరిగిందో చూడకుండానే కాగితం మీద సంతకం గీకి డబ్బు పుచ్చుకునేవాడు. ఈ పాఠానికైతే వ్యాఖ్యాతకు అభ్యంతరం లేదు. కాకపోతే ఇలా చదివితే ఆ సాయంత్రం కుర్చీలు కొన్ని ఖాళీ అవుతాయి, అందులో సూత్రకర్తదీ ఒకటి కావచ్చు.