నేను దాచిన రచ్చబండ

నేను కంప్యూటరును. తిరుపతిలో ఒక దుకాణంలో తలా ఒక దేశం నుంచి వచ్చిన భాగాలను బిగించి, 2000 సంవత్సరంలో నన్ను శ్రీకాళహస్తికి పంపించారు. విండోస్ 98, నాలుగు జీబీల హార్డ్ డిస్కు, 56కె మోడెమ్. నా పుట్టుక గురించి అంతకుమించి చెప్పుకోవాల్సింది లేదు. చెప్పుకోవాల్సింది నేను చేసిన పని, నా కడుపులో దాచుకున్న మాటలు.

నన్ను కొన్నది హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు. కవి ధూర్జటి పుణ్యమా అని ఊరి పేరే పద్యాల్లో వినబడే చోట పుట్టిన మనిషి. ఆయనకు ఛందస్సంటే ప్రాణం. కానీ ఒక యతి గురించో, ఒక పాఠభేదం గురించో గంటసేపు వాదించుకునేదానికి ఊళ్లో తోడు కరువైంది. ఎవరో చెబితే యాహూ గ్రూప్స్‌లో ‘రచ్చబండ’ అనే తెలుగు సాహిత్య చర్చావేదికలో చేరారు.

ఆ రోజుల్లో ఇంటర్నెట్టంటే ఫోను తీగే. నా మోడెమ్ కీచుమని అరిచి అవతలి మోడెమ్‌తో మాట కలిపినంతసేపూ ఇంటి ఫోను మూగబోయేది. నిమిషాల లెక్కన బిల్లు ఎక్కేది. వంటింట్లోంచి అయ్యవారి భార్య కేకేసేది: “ఏమయ్యా, పాప ఫోన్ చేస్తా ఉంటుందేమో, ముందు ఆ తీగ పీకు!” అందుకని అయ్యవారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కనెక్షన్ కలపడం, వచ్చిన జాబులన్నీ నాలోకి దించుకోవడం, రాసి పెట్టుకున్న జవాబులు పంపేయడం, వెంటనే తీగ పీకడం. ఆ తర్వాత తీరిగ్గా, రూపాయి ఖర్చు లేకుండా, రాత్రి పొద్దుపోయేదాకా చదువుకోవడం. ఆ పొదుపు వల్లే ప్రతి జాబుకూ ఒక నకలు నా డిస్కులో మిగిలింది. ఆ నకళ్ల విలువ అప్పుడు ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

ఆ జాబుల్లో తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. మొదట్లో అయ్యవారు మొహం ముడుచుకున్నారు. పోనుపోను వేళ్లకు అలవాటైంది. ఆ రాతకు ఆర్‌టీఎస్ అని పేరు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దాన్ని రూపొందించారు. తెలుగు ఫాంట్లు అందరికీ అందుబాటులో లేని కాలంలో, 1990లలో ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే యూజ్‌నెట్ బృందంలో మనవాళ్లు దాన్ని వాడి పద్యాలు రాసుకున్నారు, పోట్లాడుకున్నారు, మళ్లీ కలిసిపోయారు. ఆ బృందాన్ని ముద్దుగా ‘స్కిట్’ అని పిలుచుకున్నారు.

ఆ యూజ్‌నెట్ నాకు పెద్దల వంటిది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే విద్యార్థులకు ఆ ఆలోచన వచ్చింది. దానికి యజమాని లేడు. ఒక కంప్యూటరులో రాసిన జాబు పక్క కంప్యూటరుకు, అక్కణ్ణుంచి మరొకదానికి, అలా లోకమంతా నకళ్లుగా పాకేది. ఒక యంత్రం చచ్చిపోతే ఆ జాబు ఇంకో యంత్రంలో బతికుండేది. టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1981 నుంచి పదేళ్లపాటు ఆ జాబులను అయస్కాంతపు టేపుల మీదికి ఎక్కించి పెట్టారు. ఆ 141 టేపుల పుణ్యమా అని ఇరవై లక్షలకు పైగా తొలినాటి జాబులు తర్వాతి తరానికి దక్కాయి. ఆ పని చేయమని ఆయనకు ఏ కంపెనీ చెప్పలేదు.

నా పని రోజులు బాగా గడిచాయి. అయ్యవారు రాత్రి అడిగిన సందేహానికి తెల్లారేసరికి అమెరికా నుంచి జవాబు ఉండేది. ఒప్పుకోనివాళ్లు ఆధారాలు చూపించి మరీ కాదనేవాళ్లు. జవాబుకు జవాబు, దానికి మళ్లీ జవాబు. ఒక్కో చర్చ నెలల తరబడి సాగేది. అయ్యవారు నా తెర ముందు అంత ఓపికగా కూర్చున్నది ఆ మాటల కోసమే. నన్ను నేను ఆ మనుషుల్లో ఒకడిగానే అనుకున్నాను.

తర్వాత ఇంటికి మనవడి ల్యాప్‌టాప్ వచ్చింది. అక్కడ మాటలు కావు, బొమ్మలు. నెమ్మదిగా అయ్యవారి కుర్చీ కూడా అటు జరిగింది. నా తెరను పాత ఇనుప సామాన్ల బండివాడు పట్టుకుపోయాడు. నా కీబోర్డు పిల్లల ఆటకు పోయింది. తెర లేదు, కీబోర్డు లేదు, నేను మాత్రం గోనెపట్టా కప్పుకుని అటకెక్కాను. ఎలుకలు తీగ కొరికాయి. ఎండాకాలం రేకుల వేడికి నా తెల్లటి ఒళ్లు పసుపుపచ్చగా మారింది. నన్ను పారేసి ఉంటే ఒక బాధ. పనికొస్తానని నమ్మకం లేకపోయినా పారేయడానికి చెయ్యి రాక, ఒక మూల పెట్టి మరిచిపోవడం ఇంకో బాధ. వాళ్ల మాటలు కింది నుంచి వినబడేవి. నా పేరు మాత్రం ఒక్కనాడూ వినబడలేదు.

2010 మే 26 రాత్రి ఊరంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన మా ఊరి గుడి రాజగోపురం నిట్టనిలువునా కూలింది. ఊరు ఏడ్చింది. అదే చోట కొత్త గోపురం కట్టారు, 2017లో కుంభాభిషేకం చేశారు. గోపురం కూలితే చప్పుడైంది, జనం చేరారు, మళ్లీ నిలబెట్టారు. లక్షలమంది మాటలు పోగుపడిన వేదిక మూతపడితే చప్పుడు కూడా ఉండదు. 2009లో జియోసిటీస్ పోయింది. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది. 2019 ఏప్రిల్ 2న గూగుల్ ప్లస్ పోయింది. మన భాషల కోసమని పుట్టి, తెలుగును కూడా కలుపుకున్న ‘కూ’ 2024 జులైలో ఆగిపోయింది. మా మనవడు కాలేజీ రోజుల్లో స్నేహితులతో పంచుకున్నదంతా ఒక వేదికతోపాటే పోయింది. ఏ వేదికో చెప్పను. ఆ వాకిలి మూసేముందు నోటీసు ఇచ్చారట. వాడు చూసుకోలేదు.

2019 అక్టోబర్లో యాహూ గ్రూప్స్‌లోని పాత జాబులన్నీ తీసేస్తారన్న కబురు వచ్చింది. 2020 డిసెంబర్ 15న గ్రూప్స్ పూర్తిగా మూతపడ్డాయి. పాత జాబులు పోతాయన్న కబురు విన్న రోజే అయ్యవారు అటకకు నిచ్చెన వేయించారు.

“తాతా, ఇంగ ఈ పాత పెట్టెతో పనేముంది? అంతా ఫోన్లోనే ఉండాది గదా,” అన్నాడు మనవడు.

“ఫోన్లో కనపడేది వాళ్ల దగ్గర ఉండేదిరా నాయనా. నా దగ్గర ఉండేది ఈ పెట్టెలోది,” అన్నారు ఆయన.

మనవడు నా మూత విప్పి, దుమ్ము ఊది, హార్డ్ డిస్కు తీసి, ఒక చిన్న పరికరంతో ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. డిస్కు కొంచెం మొరాయించి, కిర్రుమని తిరిగింది. కొన్ని ఫైళ్లు పాడైపోయాయి. ఎక్కువ భాగం వచ్చాయి. తాను ఏనాడో ఎవరితోనో చేసిన వాదాన్ని అయ్యవారు మళ్లీ చదువుకుని, ఆ మనిషి చెప్పిందే సరైందని ఇప్పుడు ఒప్పుకున్నారు. మనవడు పక్కనే కూర్చుని ఆర్‌టీఎస్ రాతను కూడబలుక్కుని చదివాడు. లోకంలో మరెన్నో ఇళ్లలో ఇలాగే నకళ్లు బయటపడ్డాయి. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం యాహూ గ్రూప్స్‌లో దొరికినంతా పోగు చేసింది.

యజమాని లేని చోట్లకు లోపాలు లేవని నేను అనను. యూజ్‌నెట్‌ను అమ్మకాల చెత్త జాబులు ముంచెత్తాయి. ఊడ్చే బాధ్యత ఎవరిదీ కాకపోతే ఇల్లు పాడుబడుతుంది. జనం పెద్ద వేదికలకు పోయింది సోమరితనంతో కాదు. అక్కడ ఫొటో పెట్టడం తేలిక, చుట్టాలంతా అక్కడే ఉన్నారు. కానీ 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్‌కు కొత్త జాబులు ఆగిపోయినా యూజ్‌నెట్ చావలేదు. వేరే సర్వర్లలో జాబులు ఇప్పటికీ నడుస్తున్నాయి. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ చర్చల పేజీకి ‘రచ్చబండ’ అనే పేరు. అక్కడి రాతల పూర్తి నకలును ఎవరైనా దించుకోవచ్చు. ఆ వికీపీడియా ఊడ్చేవాళ్లు ఉన్నందువల్ల, తాళం ఒక్కరి చేతిలో లేనందువల్ల నిలబడింది. రెండూ కావాలి.

నా హార్డ్ డిస్కు ఎంతకాలం తిరుగుతుందో చెప్పలేను. నాలోని జాబులు ఇప్పుడు మనవడి దగ్గర, అయ్యవారి పాత శిష్యుల దగ్గర కూడా ఉన్నాయి కాబట్టి నాకు దిగులు లేదు. మీరు మాట్లాడుకునే చోటు ఏదైనా కానీ, అందులో అడుగు పెట్టే ముందు ఒక్కటి అడగండి: ఇది రేపు మూతపడితే నా మాటలు నాతో తీసుకుపోగలనా? తీసుకుపోవచ్చంటే వెంటనే ఒక నకలు దించుకోండి, ఇంకొకటి నమ్మకమైన స్నేహితుడికి ఇవ్వండి. కుదరదంటే, విలువైన చర్చను అక్కడ మొదలుపెట్టకండి.