ముప్పై–డెబ్బై సీసా

నేను పది మిల్లీలీటర్ల ఇన్సులిన్ సీసాను. నా మీద 30/70 అని రాసి ఉంటుంది. ఇందల్వాయిలో ఒక అవ్వ ఇంట్లో, ఫ్రిజ్ తలుపు అరలో ఉంటాను. కదపకుండా ఉంచితే నా అడుగున తెల్లటి పొర దిగి, పైన నీరు తేరుతుంది. ఈ రెంటినీ ఇలా నిలబెట్టింది విద్యుదావేశమే.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. పీహెచ్ 5.3 దగ్గర దాని ధన, ఋణావేశాలు సరిసమానమవుతాయి. అణువును అణువు నెట్టే బలం పోయి, అన్నీ అతుక్కుని అడుగుకు దిగుతాయి. నిమ్మరసం పిండితే పాలు విరిగేదీ ఇందుకే. నా పీహెచ్ మాత్రం 7కు దగ్గర. అక్కడ అణువులన్నీ ఋణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పైగా జింక్ అయాన్లు ఆరేసి అణువులను జట్టుగా పట్టి ఉంచుతాయి. జట్టులో ఉన్నంతసేపు వాటి మడత విడదు. ఇదే నా ముప్పై వంతు. తిన్న అన్నానికి ముందుగా పనిచేసేది ఇదే.

డెబ్బై వంతు కథ డెన్మార్క్‌ది. 1936లో హేగెడార్న్ అనే వైద్యుడు చేపల వీర్యం నుంచి తీసిన ప్రోటమిన్‌ను ఇన్సులిన్‌కు కలిపాడు. ప్రోటమిన్ నిండా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, అంటే నిండా ధనావేశం. ఋణావేశపు ఇన్సులిన్ దాన్ని అంటిపెట్టుకుంది, చర్మం కింద నిదానంగా విడిపోయింది. 1946కల్లా ఈ జంటను స్ఫటికాలుగా కుదిర్చారు. ప్రోటీన్లు గుమికూడటం ఎప్పుడూ చెడ్డదే అంటే నేనొప్పుకోను. రాత్రంతా అవ్వ షుగర్‌ను పట్టి ఉంచేది ఆ గుంపే.

అదుపు తప్పితేనే ప్రమాదం. మే నెల వేడికి, గట్టి కుదుపుకు మడత విడితే, నీళ్లంటే గిట్టని లోపలి భాగాలు బయటపడతాయి. అప్పుడు ఆవేశాల నెట్టుడు చాలదు. అణువులు నారలుగా పేనుకుపోతాయి. అవి ఇక మందుగా పనికిరావు.

"నానమ్మా, ఊపకు. అరచేతుల నడుమ దొర్లియ్యి" అంటుంది మనవరాలు. అవ్వ మెల్లగా దొర్లిస్తుంది. అడుగున ఉన్న స్ఫటికాలు లేచి సీసా అంతా ఒకే తెలుపు అవుతుంది. నిజామాబాద్ నుంచి బస్సులో తెచ్చేటప్పుడు కూడా ఆ పిల్ల నన్ను ఐసుకు ఆనించకుండా బట్టలో చుట్టింది.

నాకు ముందున్న సీసా ఫ్రీజర్‌లో పడి గడ్డకట్టింది. కరిగాక స్ఫటికాలు ముద్దలై గాజుకు అంటుకున్నాయి, ఎంత దొర్లించినా కలవలేదు. పైసలు పెట్టి కొన్నదని అవ్వ అదే వాడబోయింది. మనవరాలు లాక్కుంది. "ఒకసారి ఎక్కువ పోతది, ఒకసారి తక్కువ పోతది. ఎంత ఎక్కిందో ఎవలికి ఎరుక నానమ్మా?"