ప్రాణమున్న గీత

కడపలో బొమ్మలు నేర్చుకునే రోజుల్లో మా ఎచింగ్ మాస్టారికి గీతే దేవుడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, పారిస్‌లో హేటర్ నడిపిన ప్రింట్ స్టూడియో అతెలియే 17 దాకా వెళ్లిన కృష్ణారెడ్డి పేరు ఎత్తకుండా క్లాసు మొదలుపెట్టేవారు కాదు. లక్ష్మాగౌడ్ ఎచింగులు తెరిచి, ఆ పల్లె మనుషుల్ని చూపించి, "ఈ గీత ఎక్కడైనా తడబడిందా?" అని మమ్మల్నే నిలదీసేవారు.

ఎచింగులో ఒక చిక్కుంది. పలక మీద గీసింది కాగితం మీద తిరగబడుతుంది, అద్దంలో మొహంలాగా. అందుకే చాలామంది ముందు కాగితం మీద వేసుకుని, తిప్పి పలక మీదికి దింపుకుంటారు. "దింపితే అది నకలు. మనిషిని చూస్తూ సూది నడవాలి. అప్పుడే ప్రాణం," అనేవారు మాస్టారు.

మైనం పూసిన జింకు పలక సంచిలో వేసుకుని, నంద్యాల మీదుగా బేతంచెర్ల వెళ్లాను. ఊరంతా బండల దుమ్ము. పాలిష్ ఫ్యాక్టరీ పక్కన ఒక పెద్దామె టీ అమ్ముతోంది. కుడి చెయ్యి మోచేతి దాకానే ఉంది. బండలు కోసే మిషన్ తినేసిందట. బొమ్మ వేసుకుంటానని అడిగితే కదలకుండా కూర్చుంది. మైనం మీద సూదికి అడ్డేముంటుంది, గంటలో అయిపోయింది.

తర్వాత ఆసిడ్ పని. కొంగు మడతల్ని తొందరగా వార్నిష్‌తో మూసేశాను. మొహంలో ముడతల్ని ఇంకాసేపు ఉంచాను. ఆ మొండిచేతి అంచును మాత్రం వదిలేసి, బుడగల్ని ఈకతో తుడుస్తూ కూర్చున్నాను. ఆసిడ్ ఎంత లోతుగా తింటే గీత అంత నలుపు. ప్రింటు చూసి మాస్టారు మాట్లాడలేదు, భుజం తట్టారు. ప్రదర్శనలో అందరూ ఆ గీత దగ్గరే ఆగారు. చెయ్యి తారుమారైన సంగతి ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ పట్టలేదు.

ఒక ప్రింటుకు ఫ్రేము కట్టించి ఆమెకు తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"మొగం నాదే."

తన చేతినీ, బొమ్మలో చేతినీ మార్చి మార్చి చూసింది. తిరగబడటం గురించి చెప్పబోయాను.

"ఉండనీలే నాయనా. మా మేస్త్రీ గూడా ఎడమ చెయ్యి అనే రాసినాడు. ఆస్పత్రి కాగితంతో కలవలేదని డబ్బులు రాలే. నువ్వు నాలుగేండ్ల ముందు వచ్చింటే, ఆయప్ప రాతకు ఒక సాక్ష్యమన్నా దొరికేది."