నోట్లో థర్మామీటరు, ఇంట్లో సుప్రభాతం

పిల్లల కోసం ఎదురుచూసే ఆడదానికి మన ఇళ్ళలో సలహాలకు కొదవ ఉండదు. ఒకరు నాగప్రతిష్ఠ అంటారు, ఒకరు రావిచెట్టుకు ప్రదక్షిణలంటారు, ఇంకొకరు రోజూ దానిమ్మ గింజలు తినమంటారు. వీటన్నిటిలోనూ ఒక సుఖం ఉంది: మంచం దిగి చేసుకోవచ్చు. నేను ఎంచుకున్న శాస్త్రీయ పద్ధతికి మొదటి నియమమే మంచం దిగకూడదని!

దాని పేరు బేసల్ బాడీ టెంపరేచర్. కనీసం మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయి, రోజూ ఒకే వేళకు కళ్ళు తెరిచి, కాలు కింద పెట్టకుండా, మంచినీళ్ళు తాగకుండా, నోరు విప్పకుండా థర్మామీటరు నాలుక కింద పెట్టుకోవాలి. అండం విడుదలయ్యాక అండాశయంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఊరుతుంది. అది మెదడులోని హైపోథాలమస్‌కు కబురు పెట్టి ఒంటివేడిని ఒక మెట్టు పైకి జరిపిస్తుంది. ఎంతనుకున్నారు? ఫారన్‌హీట్‌లో అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా! వరసగా మూడు రోజులు ఆ మెట్టు మీదే నిలబడితే అండం విడుదలైనట్టు. నెలసరి దగ్గర పడగానే మళ్ళీ దిగిపోతుంది. దిగకుండా 18 రోజులు మొండికేస్తే, అప్పుడు గర్భ పరీక్ష చేసుకోవచ్చు.

ఇంత చిన్న తేడా పట్టాలంటే దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు చూపే థర్మామీటరు ఉండాలి. మెడికల్ షాపులో అడిగితే కుర్రాడు ఆశ్చర్యపోయాడు. “జ్వరం చూడ్డానికి ఒక అంకె చాలు కదా మేడం!” నిజమే బాబూ. జ్వరమైతే ఒక అంకె చాలు. ఆశకు రెండు కావాలి.

ఇక మా ఇంటి సంగతి. తెల్లారేసరికి హాల్లో సుప్రభాతం, వంటింట్లో ఫిల్టరు కాఫీ వాసన, గుమ్మంలో పాలబ్బాయి. నేను మాత్రం నోట్లో గొట్టంతో, పైకప్పు చూస్తూ, శిలావిగ్రహంలా పడుకుని ఉంటాను. ఒకరోజు అత్తయ్యగారు తలుపు తోసుకుని రానే వచ్చారు.

“అమ్మాయ్, జ్వరమా?”

నోరు విప్పితే అంకె పాడవుతుంది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. మాట కూడా రానంత నీరసమని ఆవిడ అర్థం చేసుకున్నారు. బీప్ మోగేలోపు మిరియాల కషాయం సిద్ధం. నిజం చెబుదామంటే, అత్తగారితో అండం గురించి మాట్లాడే భాష మన ఇళ్ళలో ఇంకా పుట్టలేదు. కషాయమే తాగాను.

మిగిలిన అడ్డంకి మన పెళ్ళిళ్ళు. శ్రావణమాసం వచ్చిందంటే ముహూర్తాలన్నీ అర్ధరాత్రి దాటాకే. రెండున్నరకు జీలకర్ర-బెల్లం, నాలుగింటికి తలంబ్రాలు. అక్షతలు వేసి ఇంటికొచ్చి పడుకున్న మర్నాడు థర్మామీటరు చూపే అంకెకు అర్థం ఉండదు. నిద్ర చాలకపోయినా, జలుబు చేసినా, మందు పుచ్చుకున్నా ఒంటివేడి దారి తప్పుతుంది. ఆ నెలంతా నా గ్రాఫులో అండం కనబడలేదు గానీ, మా బంధువులందరి లగ్నాలూ కనబడ్డాయి.

గ్రాఫు బాధ్యత మా ఆయనది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఎక్సెల్ తెరిచి అడుగుతారు: “నిన్నటికంటే పాయింట్ ఫోర్ పెరిగింది. రూట్ కాజ్ ఏంటి?”

“రాత్రి రెండింటిదాకా నా చెవి పక్కన మీరు మాట్లాడిన అమెరికా కాల్!”

ఇంతకీ ఈ విద్య ఎవరు కనిపెట్టారా అని ఆరా తీశాను. ఒంటివేడి లెక్కను ఒక పద్ధతిగా 1935లో మలిచినవాడు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే కేథలిక్ ఫాదర్. అంటే పెళ్ళే చేసుకోని మనిషి, పిల్లలు వద్దనుకునే దంపతుల కోసం చేసిన ఏర్పాటు! వద్దనుకునేవారికి అది కాస్తో కూస్తో నయం. వేడి పెరిగి మూడు రోజులు నిలిచిందంటే ఆ నెలకు ప్రమాదం దాటిపోయినట్టే కదా. కావాలనుకునే మాకు మాత్రం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. అమెరికాలో ఆలెన్ విల్‌కాక్స్ బృందం 1995లో తేల్చిందేమిటంటే, గర్భం నిలిచే అవకాశం ఆరు రోజులే, ఆ ఆరో రోజు అండం విడుదలయ్యే రోజే. థర్మామీటరు నోరు తెరిచేది ఆ తర్వాత!

అలాగని దాన్ని పారేయనక్కర్లేదు. కొన్ని నెలలు రాస్తే మన చక్రం ఏ రోజుల్లో తిరుగుతుందో తెలుస్తుంది. వచ్చే నెలకు అంచనా దొరుకుతుంది. ముందస్తు కబురు కావాలంటే మెడికల్ షాపుల్లో దొరికే ఎల్‌హెచ్ అనే హార్మోనును పట్టే స్ట్రిప్పులున్నాయి, సుమారు ఒకటి ఒకటిన్నర రోజు ముందే చెబుతాయి. డాక్టర్లు చేసే ఫాలిక్యులర్ స్టడీ అయితే స్కానింగులో అండం ఉండే తిత్తి పెరుగుదలనే చూపిస్తుంది.

అసలు విచిత్రం డాక్టరమ్మ దగ్గర బయటపడింది. నా గ్రాఫులన్నీ ఓపిగ్గా చూసి, మా ఆయన వైపు తిరిగి, “ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుని పనిచేస్తారు?” అన్నారు. వీర్యకణాలు సరిగ్గా తయారవ్వాలంటే వృషణాలు ఒంటికంటే రెండు మూడు సెల్సియస్ డిగ్రీలు చల్లగా ఉండాలట. ఒళ్ళో ల్యాప్‌టాప్ అక్కడ వేడి పెంచుతుందట. నా అర డిగ్రీని ఆయన ఎంత శ్రద్ధగా కొలిచారో, అంత శ్రద్ధగానూ తన డిగ్రీలు పెంచుకున్నారన్నమాట. ఆ రోజు నుంచి ఎక్సెల్ టేబుల్ మీదకు ఎక్కింది.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు లోపమూ ఉంటుంది. అయినా కషాయం, ప్రదక్షిణ, థర్మామీటరు అన్నీ ఆడదాని వాటాకే వస్తాయి. కాబట్టి నా తీర్పు ఇది: ఏడాది ప్రయత్నించినా, ముప్ఫై అయిదు దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేకపోతే గ్రాఫు మడిచిపెట్టి, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ముందు మీ ఆయనకు పరీక్ష చేయించండి, అదే తేలిక. ఇక “ఏమైనా విశేషమా?” అని అడిగే పెద్దలకు ఒక విన్నపం. మీకు నిజంగా మనవలు కావాలనుంటే, పొద్దున్న ఆరింటిలోపు ఫోన్ చేయకండి.