నేను గీసిన మూడు గళ్ళు

మా బి.ఎస్సీ. నర్సింగ్ బ్యాచ్ 2012లో కాలేజీ నుంచి బయటికొచ్చింది. పదేళ్ళయిన సందర్భంగా 2022లో అందరం ఒకచోట కలవాలనుకున్నాం. ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో రాసి చిన్న పుస్తకంగా అచ్చువేసే పని నేను తీసుకున్నాను. నేనొక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. రాతకోతలు అలవాటున్నదాన్ని కాబట్టి ఆ పని నాకే తగునని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. ఆ పుస్తకం విషయంలో నేను చూపించిన అవివేకాన్ని దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను. అలాంటి పుస్తకాలు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు. కనీసం వాళ్ళకైనా ఇది పనికొస్తుంది.

పేరు పక్కన మూడు గళ్ళు గీశాను. హోదా, పనిచేసే చోటు, దేశం. అందరికీ ఆ ఫారం ఫోన్లో పంపించాను. జవాబులు వచ్చాక వరస కూడా నేనే పెట్టాను. ముందు ఇంగ్లండ్, ఐర్లండ్, అమెరికా వాళ్ళు. తర్వాత గల్ఫ్. ఆ తర్వాత ఇక్కడి ప్రభుత్వోద్యోగులు, వాళ్ళ కింద ప్రైవేటు ఆసుపత్రుల వాళ్ళు. చిట్టచివర ఉద్యోగం మానేసినవాళ్ళు. వాళ్ళ గళ్ళలో ఏం రాయాలో తోచక అడ్డగీతలు పెట్టాను. ఆ వరస పెట్టమని నాకెవరూ చెప్పలేదు. అది నా మనసులో ఎప్పటినుంచో ఉన్న వరస. అచ్చులో చూసేదాకా అలాంటిదొకటి నాలో ఉందని నాకే తెలియలేదు.

మేం చదివింది ఉమ్మడి రాష్ట్రంలో, హైదరాబాద్‌లో. క్లాసులో ఒకే పేరున్నవాళ్ళు ఎక్కువ కావడంతో ఊరి పేర్లే పిలుపులయ్యాయి. సోంపేట, జమ్మికుంట, నూజివీడు, ఆదోని, మిర్యాలగూడ. ఇప్పటికీ అలాగే పిలుచుకుంటాం. ఇక్కడా ఆ పేర్లే రాస్తాను.

సోంపేట ఫారంలో "ఎం.ఎల్.హెచ్.పి., విలేజ్ క్లినిక్" అని రాసి పంపింది. ఎం.ఎల్.హెచ్.పి. అంటే ఊళ్ళో డాక్టరు లేని చోట మొదటి వైద్యం చూసే బి.ఎస్సీ. నర్సు. క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండే పిల్ల చివరికి ఊళ్ళో బీపీ చూసుకుంటూ ఉండిపోయిందని నేను జాలిపడ్డాను. ఆమె పనిచేసే ఊరు ఉద్దానంలో ఉందన్న సంగతి మీద మనసు పెట్టలేదు. అక్కడి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఇంటింటి మాట. దానికి అసలు కారణమేమిటో ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్నా పూర్తిగా తేలలేదు. ఏ ఇంట్లో ఎవరికి క్రియాటినిన్ ఎంతుందో మా సోంపేటకు కాగితం చూడకుండా తెలుసు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసి ఒళ్ళునొప్పులని దుకాణంలో నొప్పిబిళ్ళలు కొనుక్కునేవాళ్ళను ఆపడం ఆమె రోజువారీ పని. అవి కిడ్నీలకు ఎంత చేటో అర్థమయ్యేలా చెప్పాలి, చెప్పాక మర్నాడు మళ్ళీ అడగాలి. డయాలసిస్‌కి వెళ్ళనని మొండికేసిన పెద్దాయన్ని ఒప్పించడానికి ఆయన మనవరాలి బడి దాకా వెళ్ళింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక అక్కడికి పంపాల్సినవాళ్ళను ముందే గుర్తుపట్టే బాధ్యత ఇంకా పెరిగింది. నా పట్టికలో మాత్రం ఆమె వెనక పేజీల్లో ఉంది.

జమ్మికుంట "స్టాఫ్ నర్స్, ప్రభుత్వ ఆసుపత్రి" అని రాసింది. నేనూ అంతే అచ్చువేశాను. ఆమె ప్రసవాలు చేసే మిడ్‌వైఫ్‌గా పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ తీసుకుందని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. 2017లో తెలంగాణలో, కరీంనగర్‌లో మొదలైన శిక్షణ అది. దాని అవసరం ఎంతో తెలియాలంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. తెలంగాణలో జరిగిన కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే నూటికి 80 దాటాయి. ముహూర్తాలు పెట్టించుకుని వచ్చే కుటుంబాల మధ్య, నొప్పులకు భయపడే మొదటి చూలు అమ్మాయి చేయి పట్టుకుని నడిపించడం, కాన్పు ఎలా సాగుతోందో చూపే పార్టోగ్రాఫ్ గీస్తూ కాచుకోవడం, ఎప్పుడు డాక్టరును పిలవాలో క్షణం తప్పకుండా తెలుసుకోవడం ఆమె నేర్చుకుంది. "పన్నెండు గంటలు పక్కపొంటి కూసుంటె రిజిస్టర్ల ఒక్క అంకె పడ్తదే" అంది ఒకసారి ఫోన్లో. నా పుస్తకంలో ఆ ఒక్క అంకె కూడా పడలేదు.

నూజివీడు పేరు మొదటి పేజీలో ఉంది. "స్టాఫ్ నర్స్, బ్యాండ్ 5, ఇంగ్లండ్." ఆ గడి చూసి బ్యాచ్ అంతా గర్వపడ్డాం. ఆమె హైదరాబాద్‌లో ఐ.సి.యు. ఇన్‌ఛార్జిగా చేసి వెళ్ళింది. ఇక్కడ సి.బి.టి. అనే కంప్యూటర్ పరీక్ష, అక్కడికెళ్ళాక ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష దాటి, పిన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు వచ్చేదాకా తక్కువ జీతపు బ్యాండులో పనిచేసింది. పిన్ వచ్చాక కూడా, కళ్ళు మూసుకుని క్యాన్యులా పెట్టగల మనిషి, ఆ ఆసుపత్రి వాళ్ళు తన చేతిపని పరీక్షించి సంతకం పెట్టేదాకా ఎవరి నరమూ ముట్టుకోలేదు. ఆ మొదటి ఏడాది కూతురు నూజివీడులో అమ్మమ్మ దగ్గరుంది. ఇదంతా నష్టమని ఆమె అనుకోవడం లేదు. ఒక్క షిఫ్టులో ఎంతమంది రోగులను చూడాలో అక్కడ లెక్క ఉందనీ, డాక్టరుకు ఎదురు ప్రశ్న వేస్తే తప్పు పట్టరనీ సంతోషంగానే చెప్పింది. బాధా సంతోషం రెండూ ఉన్న ఆ బతుకును నేను ఒక దేశం పేరుగా కుదించాను.

మిర్యాలగూడది ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యు. అక్కడ ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. 2021 మే నెలలో, కోవిడ్ రెండో ఉధృతిలో, పి.పి.ఇ. కిట్టులో చెమటతో తడిసిపోతూ ఆమె ఒక్కతే నలుగురు వెంటిలేటర్ పేషెంట్లను చూసింది. అంతకుముందే మానేద్దామనుకుంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గరున్నాయి. సుప్రీంకోర్టు 2016లో ఆదేశించాక కేంద్రం వేసిన కమిటీ స్పష్టంగానే చెప్పింది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతమివ్వాలి, 50 పడకలు కూడా లేని చోటైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. చాలాచోట్ల ఆ సిఫారసు కాగితం మీదే ఉంది. మిర్యాలగూడ ఇంకా అక్కడే ఎందుకుందని నేను అడగలేదు. ఎదగాలన్న పట్టుదల లేదని నాలో నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఇక నా సంగతి. మొదటి సంవత్సరం పిల్లలకు నేను చెప్పే పాఠం నర్సింగ్ ప్రాసెస్. అసెస్‌మెంట్, డయాగ్నోసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఇవాల్యుయేషన్. మొదటిది తప్పితే మిగతా నాలుగూ తప్పుతాయని బోర్డు మీద రాసి మరీ చెబుతాను. రోగిని "నొప్పిగా ఉందా" అని అడిగితే అవుననో కాదనో అంటాడు. "ఎలా ఉందో చెప్పండి" అని అడిగి కాసేపు ఆగితే, రాత్రి నిద్ర పట్టలేదనీ, ఇంటి దగ్గర పాలిచ్చే గేదెను చూసేవాళ్ళు లేరనీ, ఆపరేషనంటే భయమనీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. థర్మామీటరు చెప్పేదీ రాయాలి, రోగి నోట వచ్చేదీ రాయాలి, రెండూ ఉంటేనే అది చార్టు అవుతుంది. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెబుతున్న నేను, నాతో నాలుగేళ్ళు ఒకే మెస్‌లో తిన్నవాళ్ళను ఒక్క మాటలో జవాబిచ్చే ప్రశ్నలే అడిగాను. ముక్కూమొహం తెలియని రోగి దగ్గర చూపించే ఓపిక స్నేహితుల దగ్గర చూపించలేదు. పాఠం రాక చేసిన తప్పు కాదిది. తెలిసీ, అవసరం లేదనుకుని చేశాను.

ఆ పట్టిక నన్ను కూడా వదల్లేదు. "ట్యూటర్, నర్సింగ్ కాలేజీ, ఇండియా" అన్న నా వరస నాకే చిన్నతనంగా కనిపించింది. ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా చర్చించకుండానే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఇంగ్లీషు పరీక్ష కోచింగ్‌లో చేరాను. ఇంగ్లండ్ కోసం చదవడం, వినడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఆ అంకెల కోసం పిల్లాడి చదువు పట్టించుకోలేదు, క్లాసులకు తయారవకుండా వెళ్ళాను. ఇంగ్లండ్‌లో ఏం పని చేయాలనుందని మా ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. వార్డులో పనిచేయాలన్న కోరికతో వెళ్ళేవాళ్ళు వేరు. నాకు కావలసింది మూడో గడిలో ఇంకో పేరు, అంతే. పిల్లలకు పాఠం చెప్పడం నాకు ఇష్టమైన పని. ఆ ఇష్టాన్ని నా చేత్తో నేనే తక్కువ చేసుకున్నాను.

ఇంకా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ఆ పుస్తకం చేతికి చిక్కిన ఒక కాలేజీ వాళ్ళు మొదటి రెండు పేజీలు మాత్రం తీసుకుని, పేర్ల పక్కన దేశాల జెండాలు వేసి, అడ్మిషన్ల కరపత్రంలో పెట్టుకున్నారు. మా పూర్వ విద్యార్థులు ఇలా ఉంటారన్నారు. ఆ కరపత్రం చూసి చేరిన అమ్మాయి ఒకతె, ఇంకా ఇంజక్షన్ చేయడం కూడా రాలేదు, "మేడమ్, ఏ దేశానికి తొందరగా వెళ్ళొచ్చు" అని నన్నడిగింది. వాళ్ళ నాన్న వడ్డీకి తెచ్చి ఫీజు కట్టాడు. వాళ్ళను ఆ ఆశతో తీసుకొచ్చిన కాగితంలో నా చేతిరాత ఉంది. విదేశం వెళ్ళాలనుకోవడంలో తప్పేమీ లేదు. వెళ్ళేవాళ్ళు ఏజెంట్ల చేతిలో పడకుండా చూడడానికి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. కానీ సోంపేట, జమ్మికుంట చేసే పని కూడా నర్సింగేనని, అదీ గర్వంగా చెప్పుకోదగ్గదేనని ఆ పిల్లకు తెలిసే దారి నేను మూసేశాను.

నన్ను కదిలించింది ఆదోని. పుస్తకం చేరిన కొన్నాళ్ళకు ఫోన్ చేసింది. "నా పేరు పక్కన అడ్డగీత ఎందుకు పెట్టినావు? అడిగింటే చెప్తా ఉంటి కదా" అంది. కోపంగా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. చాలా ఆలస్యంగా, అప్పుడు అడిగాను, ఎలా ఉన్నావో చెప్పమని. రెండో కాన్పు తర్వాత ఆమె ఉద్యోగం మానేసింది. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్‌తో ఫీడింగ్, కేథటర్, రెండు గంటలకోసారి పక్క మార్చడం, వీపు తుడిచి ఆరబెట్టడం అన్నీ ఆమే చేస్తోంది. ఏళ్ళు గడిచినా ఆ ముసలావిడ ఒంటిమీద ఒక్క పుండు లేదు. వార్డులో పనిచేసిన ఎవరినడిగినా అది ఎంత గొప్ప సంగతో చెబుతారు. వీధిలో ఎవరికి షుగరు పెరిగినా, పసిబిడ్డ పాలు తాగకపోయినా ముందు ఆమె దగ్గరికే వస్తారు. చివర్లో ఆమె ఒక మాట అడిగింది. "రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోలేదు. ఇంక నేను నర్సును కానేమో కదా?" ఆ సందేహం ఆమెకు కలగడంలో నా అడ్డగీత పాత్ర ఎంతో నాకు తెలుసు.

ఆమె రెన్యువల్ కాగితాలు నేనే దగ్గరుండి పంపించాను. కోచింగ్ మానేశాను. ఆ పుస్తకానికి రెండో కూర్పు ఇంకా వేయలేదు కానీ, ఒక్కొక్కరికి ఫోన్ చేసి మూడు గళ్ళు లేకుండా మాట్లాడుతున్నాను. రాని పని ఏది కొత్తగా నేర్చుకున్నావు? నైట్ డ్యూటీలో పిల్లల్ని ఎవరు చూస్తున్నారు? జీతం టైముకి ఇస్తున్నారా, సర్టిఫికెట్లు నీ దగ్గరే ఉన్నాయా? నడుము నొప్పి ఎలా ఉంది? ఇవే అడుగుతున్నాను. ఒక్కొక్కరు గంట సేపు చెబుతున్నారు. పదేళ్ళుగా మాట్లాడనివాళ్ళు కూడా చెబుతున్నారు. ఆ రోజు కలవడానికి రానివాళ్ళలో కొందరు ఫారం చూసే మానేశారని ఇప్పుడు తెలుస్తోంది.

మీ బ్యాచ్ కలుసుకునే రోజు దగ్గర పడితే, ఆ పట్టిక తయారుచేసే పని మీ మీద పడితే, దయచేసి దేశం గడి తీసేయండి. పేర్లను అక్షరక్రమంలో పెట్టండి. ఎవరి పక్కనా అడ్డగీత పెట్టకండి. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవాలని ఇంటి దగ్గరున్నవాళ్ళకు గుర్తుచేయండి, కాగితాల దగ్గర సాయం చేయండి. ముఖ్యంగా, జవాబు పంపనివాళ్ళకు మొదట ఫోన్ చేయండి.